రబ్బరు పొట్టు

హమమత్సు స్టేషన్ వెనక సందులో
పాత పుస్తకాల కొట్టు.
అందులో నా పని చెరపడం.
కురమొచి గారు కట్టలుగా కొనుక్కొచ్చే పాఠ్యపుస్తకాల్లో
ఎవరెవరో రాసుకున్న పెన్సిల్ రాతలన్నీ
పేజీ పేజీకీ రబ్బరుతో తుడిచి,
పొట్టు ఊది, అట్టకి రేటు అంటించి,
జపనీస్ కొత్తగా నేర్చుకునేవాళ్ళ అరలో నిలబెట్టడం.

పదకొండేళ్ళుగా ఇదే.
అందుకే నాకు తెలుసు
ఎవరు ఎక్కడ ఆగిపోయారో.
ఓనమాల దగ్గర అందరూ శూరులే.
అ ఇ ఉ ఎ ఒ, ఐదే అచ్చులు,
గడి దాటకుండా, గుండ్రంగా.
మూడో పాఠానికి అక్షరాలు పక్కకి వాలతాయి.
తొమ్మిదోది లెక్కల పాఠం.
పెన్సిళ్ళకొక లెక్క, కాగితాలకొక లెక్క,
పిల్లులకొకటి, పిట్టలకొకటి, మనుషులకి మళ్ళీ వేరే.
చాలామంది అక్కడ పెన్సిల్ కింద పెట్టేస్తారు.
ఆ తర్వాతి కాగితాలు
ఉతకని కొత్త బట్టలా పెళపెళలాడతాయి.
అక్కడ నాకు పనుండదు.

జూన్ వానల్లో ఒక సాయంత్రం
జుసేలియా వచ్చింది.
కారు దీపాల ఫ్యాక్టరీ యూనిఫాం, తడిసిన బూట్లు.
బ్రెజిల్ మనిషి. ఈ ఊరొచ్చి ఎన్నేళ్ళంటే
ఆరు వేళ్ళు చూపించింది.

కురమొచి గారికి హుషారొచ్చింది.
ఆయనకో సిద్ధాంతం ఉంది.
రోమన్ లిపి ఉన్న పుస్తకం చంకకర్ర,
అలవాటైతే కాలు నడక మరిచిపోతుంది.
బొమ్మలెక్కువైతే పిల్లలకి,
వ్యాకరణమే ఉంటే పంతుళ్ళకి,
అని నాలుగు పుస్తకాలు బల్ల మీద పరిచారు.

ఆమె ఏ పుస్తకంలోనూ మొదటి పాఠం చూడలేదు.
వేలు విషయసూచిక మీద జారుతూ పోయింది.
పక్కన పదేళ్ళ కొడుకు కవాన్
ముక్కు ఎగబీలుస్తూ ఒక్కొక్కటీ చదివి
వాళ్ళ భాషలో చెబుతున్నాడు.
నా పేరు ఫలానా.
ఇది నా విజిటింగ్ కార్డు.
సెలవుల్లో కొండ ఎక్కాను.
మీ తోట ఎంత బాగుందో.
రెండో పుస్తకం. మూడోది.
ఆమె ఏదో అడిగింది. పిల్లాడు నేల చూశాడు.
"వీళ్ళెవరికీ ఒంట్లో బాగుండకపోవడం అనేదే ఉండదా
అంటోంది మా అమ్మ."

మెల్లిగా తెలిసింది.
మే నెలలో ఆస్పత్రిలో
డాక్టరు మాట అమ్మకి చేర్చాల్సింది వీడే.
ఒక మాట తెలియలేదట.
ఇంకో మాట తెలిసిందట, చెప్పలేదట.
వారం దాచాడట,
తక్కువ మార్కుల కాగితంలా, స్కూలు సంచి అడుగున.

కురమొచి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
తుడవాల్సినంత మురికేమీ లేదు దానికి.

లోపల నా బల్ల మీద
ఇంకా చెరపని పుస్తకం ఒకటుంది.
సగం అట్ట లేదు. నిండా రోమన్ లిపి.
ఆయన లెక్కన పొయ్యిలోకి తప్ప పనికిరాదు.
కానీ పదకొండో పాఠం:
ఎక్కడ నొప్పి? ఎప్పటినుంచి?
మనిషి బొమ్మ, ఒళ్ళంతా బాణాలు.
బాణాల పక్కన ఎవరో వియత్నాం భాషలో
తలకీ మెడకీ మోకాలికీ పేర్లు రాసుకున్నారు.
నడుము కింద మాత్రం రెండు గీతలు,
కాగితం చిరిగేంత గట్టిగా.

తెచ్చి ఇచ్చాను.
చెరిపి ఇస్తా, పది నిమిషాలు, అన్నాను.
ఆమె ఆ రెండు గీతల మీద వేలు పెట్టింది.
ఇంకో చెయ్యి తన నడుము మీదికి పోయింది.
"ఇలాగే" అంది,
జపనీస్‌లో, కొడుకుని అడక్కుండా.

మూడొందల యెన్లు.
రబ్బరు ఖర్చు మిగిలిందని
కురమొచి గారు వంద తగ్గించారు.

ఆమె మళ్ళీ రాలేదు.
చలికాలంలో కవాన్ కామిక్స్ కోసం వచ్చాడు.
అడిగితే, అమ్మ తొమ్మిదో పాఠంలోనే ఉందన్నాడు,
పిల్లుల్ని కాగితాల్లా లెక్కపెడుతోందని నవ్వాడు.
పదకొండోది మాత్రం ముందే అయిపోయిందట.
"మొన్న ఆస్పత్రిలో నన్ను గది బయట కూర్చోమంది"
అన్నాడు, ఫిర్యాదులాగా.
బయట చేపల తొట్టి ఉందట,
అందులో ఏడు చేపలట. సరైన లెక్కే వాడాడు.

ఇప్పుడు పదకొండో పాఠం వస్తే
రబ్బరు పక్కన పెట్టి పేజీ తిప్పేస్తున్నాను.
కురమొచి గారికి ఇంకా చెప్పలేదు.